కడియం లేని కాలు

షహానియా దాటి నలభై నిమిషాలు,
రోడ్డు అయిపోయినాక కూడా బండి పోతూనే ఉంటుంది.
అక్కడ మా షెడ్లు. తెల్ల రేకులు, చల్లగాలి మిషన్లు.
గుడ్లకొక గది, పిల్లలకు మూడు, మాకొకటి.

నా పని చెబితే ఊర్లో నవ్వినారు:
పిట్టలకు భయం నేర్పడం.
నెత్తి నుంచి మోకాళ్ల దాకా బూడిదరంగు ముసుగేసుకుని
మాట్లాడకుండా, దగ్గకుండా పురుగులు చల్లి రావాలి.
హుబారా పిల్ల మనిషి మొహం చూడకూడదు.
చూసిందా, మచ్చికవుతుంది.
మచ్చికైంది ఎడారిలో రెండు రోజులు బతకదు.
అందుకే నెలకోసారి గిన్నెలు మోగించి, కేకలేసి తరుముతాం.
అవి రేకులకు కొట్టుకుంటుంటే
సూపర్‌వైజర్ నిమిషాలు లెక్కపెడతాడు.

ఒకప్పుడు చలికాలమొస్తే
ఇసుకే లేచి నడిచినట్టుండేదంట.
డేగల ముసలాయన ఫర్హూద్ చెబుతాడు:
వాళ్ల నాయన చేతి మీద ఒక డేగ, జీనుకు ఒక పిట్ట,
చాలు, ఇంటికి.
తర్వాత బండ్లొచ్చినాయి, లైట్లొచ్చినాయి,
ఒక్క రాత్రికి అరవై, డెబ్బై.
తినలేక పారేసినవీ ఉన్నాయంటాడు,
అని, కాఫీ గిన్నె కేసి చూస్తాడు.

ఇప్పుడు అన్నిటికీ కాగితముంది.
ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పర్మిట్‌కు ఎన్ని,
తుపాకీ వద్దు, డేగ ఒక్కటే.
పట్టిన పిట్ట కాలి కడియం కోసి కవర్లో పెట్టి మాకు పంపాలి.
సోమవారాలు కవర్లు విప్పేది నేను.
నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.
ఇది గుడ్డులో అడ్డం తిరిగితే
నేనే పెంకు గిల్లి బయటికి తీసినా.
ఎర్ర పెన్నుతో కొట్టేసి, సంతకం.

"మన పతాకా నంబరు లాంటిదే గదన్నా"
అంటాడు బాపట్ల జోజిబాబు.
నేను నవ్వను.
మనకు రెండేళ్లకోసారి టికెట్టన్నా ఇస్తారు.

మాది రోళ్లపాడు పక్క. బట్టమేక పిట్ట తిరిగిన బీడు.
పొద్దున్నే మగది గొంతు ఉబ్బించి హూమ్మంటే
అరకోసు అవతల మా గొర్రెలు తలెత్తేవి.
ఏడాదికి ఒక్కటే గుడ్డు. గూడు కూడా ఉండదు, ఒట్టి నేల.
నాకు తొమ్మిదేళ్లు, చిన్నాయన కొడుకు కంబగిరికి పదకొండు.
కొర్రచేను గట్టున దొరికింది.
పాలడబ్బాలో ఉడకేసుకున్నాం, ఉప్పు లేకుండా, చెరి సగం.
లోపల అప్పటికే ఈకల నల్లదనం.
కంబగిరి ఊసినాడు.
నేను మింగినా.

బోర్డు అప్పటికే ఉంది, పసుపు మీద నల్లక్షరాలు:
పట్టినా, చంపినా, గుడ్డు తీసినా జైలని.
ట-కు ట ఒత్తు నేను దాని మీదనే నేర్చుకున్నా.
మొన్న కంబగిరి ఫోటో పంపినాడు,
బోర్డుకు కొత్త రంగేసినారు.
పిట్ట సంగతి అడిగితే
"ఎవురు చూసినారప్పా" అన్నాడు.

ఇక్కడ చీకటి గదిలో గుడ్డును దీపమ్మీద పెడతాం.
ఎర్రటి దారాల నడుమ ఒక చుక్క కొట్టుకుంటుంది.
ప్రతి గుడ్డుకూ నాలుక మీద ఆ ఉప్పులేని రుచి.
ఎవరికీ చెప్పలేదు.
నాకొచ్చిన అరబ్బీ దానికి చాలదు.

నిన్న తెల్లవారుజామున కంచె బయట,
నీళ్ల పైపు కారే చోట, తడి ఇసుకలో ఒక ఆడపిట్ట.
టార్చి ఆర్పేసినా.
కుడికాలు చూసినా, ఎడమకాలు చూసినా,
కడియం లేదు.
మాది కాదు. ఎవరిదీ కాదు.
యాడ పుట్టిందో,
ఎన్ని డేగల కింద నుంచి నడిచొచ్చిందో.
ముసుగు లేని నా మొహం చూసి పరుగెత్తింది,
ఎవరూ నేర్పకుండానే.

అడవిది కనపడితే గంట లోపు రాయాలని రూలు:
టైము, దిక్కు, ఎన్ని.
రిజిస్టర్ తెరిచి, టైము రాసి,
టైము కొట్టేసినా.

పైపు కారుతోందన్న సంగతి కూడా రాయలేదు.